మన నల్లా నీళ్లు, మన మురుగు నీళ్లు: హైదరాబాద్ అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారమండి. ఆదివారం పొద్దున్నే ఇంతమంది కిందికి దిగి వచ్చారు, చాలా సంతోషం. మన ఊరి నీళ్లు, మురుగు చూసుకునే జలమండలి గురించి మాట్లాడమని మీ అసోసియేషన్ వాళ్లు నన్ను పిలిచారు, నీళ్లు ఎక్కడ్నుంచి వస్తున్నాయి, రోజు విడిచి రోజే ఎందుకు వస్తున్నాయి, మనం వాడేసిన నీళ్లు ఎటు పోతున్నాయి, ఇదీ వాళ్లు అడిగింది. నా ఉద్యోగమంతా పైపులు, పంపులు, వాల్వుల మధ్యే గడిచింది కాబట్టి ఆ భాషలోనే చెప్తా, మధ్యలో ఎవరికైనా డౌట్ వస్తే అక్కడే ఆపి అడగండి.

ముందు ఒక లెక్క చెప్తా, ఎందుకంటే ఇవాళ నేను చెప్పబోయేదంతా దాని మీదే ఉంది. మన ఊరు సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది. గోదావరి నీళ్లు మనం తీసుకునే ఎల్లంపల్లి ప్రాజెక్టులో నిండా నీళ్లున్నా ఆ మట్టం 148 మీటర్లే. నాగార్జునసాగర్ నిండితే 590 అడుగులు, అంటే 180 మీటర్లు. అంటే గోదావరి నీళ్లైనా, సాగర్ నుంచి కృష్ణ నీళ్లైనా మన వంటింటి నల్లాలోకి రావాలంటే తక్కువలో తక్కువ 300, 350 మీటర్లు పైకి ఎక్కాలి, వాటంతటవి ఎక్కవు కదా, మోటార్లు ఎక్కించాలి. వెయ్యి లీటర్లు 350 మీటర్లు ఎత్తడానికి ఫిజిక్స్ లెక్క ప్రకారమే దాదాపు ఒక యూనిట్ కరెంటు కావాలి, పంపుల్లో పోయేది, పైపుల రాపిడిలో పోయేది కలుపుకుంటే ఒకటిన్నర దాకా వస్తుంది. ఇది ఆ రెండు నదుల నుంచి వచ్చే ప్రతి వెయ్యి లీటర్లకీ. ఇప్పుడు బాత్రూంలో ఫ్లష్ నొక్కినప్పుడు పోయేది ఆ నీళ్లే, కారు కడిగే పైపులోంచి వచ్చేవీ ఆ నీళ్లే.

ఒకప్పుడు ఇట్లా లేదండి. 1908 సెప్టెంబర్‌లో మూసీకి వరద వచ్చి వేలమంది పోయారు, ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది, పైన రెండు రిజర్వాయర్లు కడితే వరదా ఆగుతుంది తాగునీళ్లూ దొరుకుతాయి అని ఆయన చెప్పారు, అట్లా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. గండిపేట, అదే ఉస్మాన్‌సాగర్, ఎత్తు మీద ఉంది, అక్కడ్నుంచి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా కాలువలో నీళ్లు పల్లానికి నడుచుకుంటూ వచ్చేవి, ఒక్క మోటారు లేదు, ఒక్క యూనిట్ కరెంటు లేదు. వంద ఏళ్ల కింద కట్టిన ఆ పని చూస్తే ఇప్పటికీ నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. అందుకే ఆ రెండు చెరువులకి వాన నీళ్లు పారి వచ్చే భూమి గురించి, అక్కడ కట్టడాలకు అడ్డుకట్ట వేసిన 111 జీవో గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు బాధేస్తుంది. కరెంటు ఖర్చు లేకుండా ఇంటికి వచ్చే నీళ్లు ఈ ఊరికి అవే, ఇంకెక్కడా లేవు.

తర్వాత ఊరు పెరిగింది. 1965లో మంజీరా, 90ల మొదట్లో సింగూరు, 2004లో కృష్ణ మొదటి ఫేజ్, 2008లో రెండోది, 2015లో మూడోది, ఒక్కో ఫేజ్ 90 ఎంజీడీ. అదే 2015 చివర్లో గోదావరి, 172 ఎంజీడీ, 186 కిలోమీటర్ల లైను, 3 మీటర్ల వ్యాసం ఉన్న పైపు అది, లోపల మనిషి నిలబడి నడవొచ్చు. ఎంజీడీ అంటే రోజుకు పది లక్షల గ్యాలన్లు, మన లెక్కలో 45 లక్షల లీటర్లు దాటుతుంది. కృష్ణ 270, గోదావరి 172, రెండూ కలిపితే రోజుకు దాదాపు 200 కోట్ల లీటర్లు. ఇందాకటి యూనిట్ లెక్కతో దాన్ని గుణించి చూస్కోండి, రోజుకు లక్షల యూనిట్లు, జలమండలి ఖర్చులో కరెంటు బిల్లు ఎందుకంత పెద్దదో తెలుస్తుంది.

2015-16 కరువు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. గండిపేట, హిమాయత్‌సాగర్, మంజీరా, సింగూరు నాలుగూ ఎండాయి. సరిగ్గా అప్పుడే కృష్ణ మూడో ఫేజ్, గోదావరి లైను అందుకున్నాయి కాబట్టి ఊరు బతికింది, కొన్ని నెలలు లేటైనా ఏమయ్యేదో నేను ఊహించలేను. ఇప్పుడు మల్లన్నసాగర్ నుంచి గోదావరి రెండో ఫేజ్‌కి 2025 సెప్టెంబర్‌లో శంకుస్థాపన చేశారు, 20 టీఎంసీలు, ఏడు వేల కోట్ల పైన ఖర్చు. మంచిదే, కావాలి కూడా. కానీ ప్రతిసారీ ఇంకో నది, ఇంకో పైపు, ఇంకో పంప్‌హౌజ్ అని ఎంత దూరం పోతాం అనేది నా బాధ.

సరే, నీళ్లు ఊళ్లోకి వచ్చాయి. ఫిల్టర్ చేసి, క్లోరిన్ కలిపి గుట్టల మీద, ఎత్తైన చోట్ల ఉన్న రిజర్వాయర్లకి పంపుతారు, అది బాగానే జరుగుతుంది, దాని మీద ఎక్కువ చెప్పను. చెప్పాల్సింది ఆ రిజర్వాయర్ నుంచి మన గేటు దాకా ఉన్న ముక్క గురించి. లైన్‌మన్ ఒక వాల్వు తిప్పితే మీ వీధికి వస్తాయి, గంటో గంటన్నరో అయ్యాక ఆ వాల్వు కట్టేసి పక్క వీధిది తిప్పుతాడు. రోజు విడిచి రోజు అంటే ఇదే. మనోళ్లు ఏమనుకుంటారంటే గంట వస్తే గంట సేపు వాడుకున్నాం, అయిపోయింది అని. అసలు సమస్య మిగతా 47 గంటలదండి. ఆ టైంలో పైపు ఖాళీ. పైపులో ప్రెషర్ ఉన్నంతసేపు ఎక్కడ సందున్నా నీళ్లు బయటికి కారతాయి, నష్టమే కానీ రోగం కాదు. పైపు ఖాళీ అయ్యాక అదే సందులోంచి బయటిది లోపలికి వస్తుంది. మన గల్లీల్లో నల్లా పైపు మురుగు మోరీ పక్కనే పోతుంది, కొన్నిచోట్ల మోరీ లోంచే పోతుంది. ఇక దానికి ఎవరైనా నేరుగా మోటారు బిగించి లాగితే, నీళ్లతో పాటు మోరీలో ఉన్నదీ లాగుతారు, వాళ్ల ఇంట్లోకే కాదు, వీధి మొత్తానికి.

అందుకే 2025 ఏప్రిల్‌లో జలమండలి మోటార్ల మీద డ్రైవ్ పెట్టింది, పట్టుబడితే 5,000 జరిమానా, మోటారు జప్తు. చాలామంది తిట్టుకున్నారు, నీళ్లు రాకపోతే ఏం చేయమంటారు అని. వాళ్ల బాధ నిజమే, వీధి చివరి ఇంటికి ప్రెషర్ ఉండదు. కానీ మొదటి పది ఇళ్లు మోటార్లు పెట్టడం వల్లే చివరి ఇంటికి లేదు, అది కూడా చూడాలి కదా. నల్లా నుంచి సంపులోకి వాటంతటవి పడనివ్వండి, మోటారు సంపు నుంచి పైకి పెట్టుకోండి, దానికి ఎవరూ వద్దనరు.

ఇంకోటి, నీళ్లు వచ్చిన మొదటి రెండు మూడు నిమిషాలవి సంపులోకి వదలకండి, బకెట్లో పట్టి చెట్లకి పోయండి. జలమండలి వాళ్ల దగ్గర చిన్న సీసాలో ఓటీ అని ఒక ద్రావకం ఉంటుంది, గ్లాసు గొట్టంలో నల్లా నీళ్లు పట్టి అందులో చుక్కలేస్తే క్లోరిన్ ఉంటే పసుపు రంగు తేలుతుంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి నల్లా దగ్గర. రంగు మారలేదంటే దారిలో క్లోరిన్ మొత్తం దేంతోనో ఖర్చయిపోయిందని, అంటే మురికి కలిసిందేమో చూడాలని. ఆ టెస్ట్ మీ గేటు దగ్గర చేయమని అడగండి, 155313కి ఫోన్ చేసి అడగొచ్చు, అది మీ హక్కు.

ఏంటమ్మా? ఆ, ఫ్రీ వాటర్. 2021 జనవరిలో వచ్చింది, ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితం, మీటరు ఉండాలి, ఆధార్ లింక్ చేసుకోవాలి. సరిపోతాయా అని అడుగుతున్నారు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అనేది మన దేశంలో వాడే లెక్క. నలుగురున్న ఇంటికి రోజుకు 540, నెలకు 16,200. అంటే సరిపోవాలి, ఇంకా మిగలాలి. సరిపోవట్లేదంటే ఎక్కడో కారుతోంది. కారుతోందో లేదో చూడటం చాలా ఈజీ అమ్మా, రాత్రి అందరూ పడుకునే ముందు ఓవర్‌హెడ్ ట్యాంకులో మట్టం గీత పెట్టండి, పొద్దున ఎవరూ లేవకముందు చూడండి, దిగిందంటే ఫ్లష్ ట్యాంకో, ఎక్కడో జాయింటో. ఫ్లష్ ట్యాంకులో కొంచెం వంట రంగు కలిపి అరగంట ఆగండి, ఫ్లష్ చేయకుండానే కింద కమోడ్‌లో రంగు కనిపిస్తే వాషర్ పోయినట్టే, చాలా చిన్న ఖర్చుతో అయిపోయే పని. అపార్ట్‌మెంట్లలో ఇంకో రోగం సంపు ఓవర్‌ఫ్లో. వాచ్‌మన్ నిద్రపోయాడు అని వాచ్‌మన్‌ని అంటారు, ఒక ఫ్లోట్ వాల్వు పెట్టించకుండా ఆయన్ని అనడం నాకు నచ్చదు.

వాన నీళ్ల సంగతి. ఇక్కడ సగటున ఏడాదికి 800 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు, అంతే లెక్క. 200 గజాల డాబా అంటే 167 చదరపు మీటర్లు, దాని మీద ఏడాదికి లక్షా 30 వేల లీటర్లు. కొంత ఆవిరై, కొంత చెదిరి పోయినా లక్ష దాకా మిగులుతాయి. అవి ఇప్పుడు ఎటు పోతున్నాయి? రోడ్డు మీదకు, మోకాళ్ల లోతు, మనం ట్రాఫిక్‌లో కూర్చుని తిట్టుకునేది ఆ నీళ్లనే. మన కింద ఉన్నది గ్రానైట్, నల్లరేగడి కాదు, ఇసుక కాదు. పైన కొన్ని మీటర్లు మెత్తబడిన రాయి ఉంటుంది, నీళ్లు నిలిచేది అందులోనే, దాని కింద గట్టి రాతిలో సన్నటి పగుళ్లే. వెయ్యి అడుగులు బోరు దించామని గొప్పగా చెప్తారు గానీ అక్కడ నీళ్ల నిల్వ లేదు, పగులు దొరికితే దొరికింది లేకపోతే దుమ్ము. 2024 ఎండాకాలంలో కూకట్‌పల్లి, మణికొండ, మాదాపూర్ వైపు బోర్లు ఎట్లా పోయాయో, ట్యాంకర్ల కోసం జనం ఎట్లా తిరిగారో మీరంతా చూశారు.

ఇంకుడు గుంత తవ్వించండి అంటే తవ్విస్తున్నారు, కానీ చాలావరకు పర్మిషన్ కోసం తవ్వినవి, ఏడాదికే మట్టితో పూడిపోతాయి. అడుగున పెద్ద కంకర, దాని మీద చిన్న కంకర, ఆ పైన ఇసుక, డాబా పైపు గుంతలో పడే ముందు ఒక చిన్న తొట్టి, దానికి జాలీ, ఆకులూ మట్టీ అక్కడే ఆగాలి. ఏటా మే నెలలో పైన ఇసుక తీసి కడిగి మళ్లీ వేయాలి. బట్టలుతికిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు పొరపాటున కూడా దాంట్లోకి వదలకండి, రేపు మీ బోరులోంచి సబ్బు వస్తుంది. బోరు ఎండిపోయి ఉంటే దాని చుట్టూనే గుంత తవ్వి నీళ్లు వదలొచ్చు, కానీ వడకట్టకుండా బోరు గొట్టంలోకి నేరుగా వదిలితే భూమి లోపలికి మురికి మనమే ఎక్కించినట్టు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. మనం వాడిన నీళ్లలో నూటికి 80 వంతులు మురుగుగా బయటికి పోతాయి, ఇంజినీర్లు డిజైన్‌కి తీసుకునే లెక్కే ఇది. జీహెచ్ఎంసీ పరిధిలో 1,650 ఎంఎల్‌డీ మురుగు అని 2021లో లెక్క కట్టారు, ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు, మొత్తం రోజుకు 165 కోట్ల లీటర్లు. అప్పటికి శుద్ధి చేసే కెపాసిటీ 772 ఎంఎల్‌డీనే, సగం కూడా కాదు, మిగతాది నేరుగా నాలాల్లోంచి మూసీలోకి. అప్పుడు 3,866 కోట్లతో 31 కొత్త ఎస్టీపీలు, అంటే మురుగు శుద్ధి చేసే ప్లాంట్లు, తీసుకున్నారు, 1,259 ఎంఎల్‌డీ దాటుతుంది వాటి కెపాసిటీ. కోకాపేట, దుర్గం చెరువు దగ్గరివి 2023లో మొదలయ్యాయి, తర్వాత ఒక్కొక్కటే వస్తున్నాయి. అన్నీ నడిస్తే దేశంలో ఇంత మురుగు శుద్ధి చేసే ఊర్లు చాలా తక్కువ ఉంటాయి, ఇది నిజంగా మెచ్చుకోవాల్సిన పని.

కొత్తవాటిలో వాడేది ఎస్‌బీఆర్ పద్ధతి. ఒకే ట్యాంకులో మురుగు నింపుతారు, కిందనుంచి గాలి కొడతారు, ఆ గాలి పీల్చుకుని సూక్ష్మజీవులు మురికిని తింటాయి, తర్వాత గాలి ఆపేస్తే అవి అడుక్కి దిగుతాయి, పైన తేటనీళ్లు తీసేసి మళ్లీ నింపుతారు, రోజంతా ఇదే చక్రం. బయటికి వచ్చిన నీళ్లు గ్లాసులో పడితే నల్లా నీళ్లకీ వాటికీ కంటికి పెద్ద తేడా ఉండదు. తాగేవి కాదు, కానీ తేట.

మరి ఆ నీళ్లను ఏం చేస్తున్నాం? ఎక్కువ భాగం మళ్లీ మూసీలోకే. 110 కిలోమీటర్ల నుంచి, 186 కిలోమీటర్ల నుంచి కరెంటు పెట్టి ఎత్తి తెచ్చిన నీళ్లు ఒక్కసారి వాడి, ఖర్చు పెట్టి శుభ్రం చేసి, వదిలేస్తున్నాం. అదే టైంలో పక్కనే పదంతస్తుల బిల్డింగ్‌కి క్యూరింగ్ చేయడానికి బోరు నీళ్లు, డివైడర్ మీద గడ్డికి ట్యాంకర్‌తో మంచి నీళ్లు. ఇది నాకు అస్సలు మింగుడు పడదు. ఊళ్ల నీళ్ల కోసం పెట్టిన అమృత్ 2.0 పథకంలో కేంద్రం ఊరి నీటి అవసరంలో 20 శాతం, పరిశ్రమల అవసరంలో 40 శాతం రీసైకిల్ నీళ్లతో తీరాలి అని లక్ష్యం పెట్టింది. కుదరని పని కాదు. నాగ్‌పూర్‌లో మురుగు శుద్ధి చేసి రోజుకు 130 ఎంఎల్‌డీ కోరాడి కరెంటు ప్లాంటుకి ఇస్తున్నారు, ఆ మేరకు డ్యాము నీళ్లు ఊరికి మిగిలాయి. చెన్నైలో 2019 నుంచి కొడుంగయ్యూర్, కోయంబేడు దగ్గర 45 ఎంఎల్‌డీ చొప్పున రెండు ప్లాంట్లు మురుగును ఆర్ఓ దాకా తీసుకెళ్లి ఫ్యాక్టరీలకు పైపుల్లో అమ్ముతున్నాయి. మనకు చుట్టూ పటాన్‌చెరు ఉంది, జీడిమెట్ల ఉంది, ఫార్మా కంపెనీల బాయిలర్లు, కూలింగ్ టవర్లు ఉన్నాయి, కావాల్సింది పైపులైనూ, ఒక ధరా.

ఇక్కడ ఒకటి మర్చిపోకూడదు. మూసీ కింద పీర్జాదిగూడ నుంచి ఏదులాబాద్ దాటి ఎంతో దూరం రైతులు కత్వల నుంచి, అంటే నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల నుంచి, ఈ నీళ్లే పారించుకుంటున్నారు, పైన పశువుల గడ్డి, ఇంకా కిందికి వరి. మన ఊరి పాలకి ఆ గడ్డి కూడా ఒక ఆధారం. వాళ్లకి ఇన్నేళ్లు మనం ఇచ్చింది శుద్ధి చేయని మురుగు, ఆ నీళ్లలో దిగి కోసినోళ్లకి చర్మ రోగాలు. ఇప్పుడు శుద్ధి అయిన నీళ్లు వస్తాయనుకునే టైంకి మొత్తం ఫ్యాక్టరీలకు అమ్మేసుకుంటాం అంటే అది అన్యాయం. ఎవరికెంత అనేది ముందే కూర్చుని తేల్చాలి, ఆ కూర్చునే చోట రైతులు కూడా ఉండాలి.

వెనక నుంచి ఆ అన్న ఏదో అడుగుతున్నాడు, కొంచెం గట్టిగా చెప్పన్నా. ఆ... మీ ఎస్టీపీ నీళ్లు వాసనొస్తున్నాయి, ఫ్లష్‌కి వాడటం మానేశారు, ఆ లైనుకి కూడా బోరు నీళ్లే కలిపేశారు, అదీ విషయం. మంచి ప్రశ్న అన్నా, నేను ఇక్కడికి వచ్చిందే దాని కోసం.

20,000 చదరపు మీటర్లు దాటిన బిల్డింగ్‌లకి పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడే సొంత ఎస్టీపీ, ఫ్లష్‌కి వేరే పైపులు అని షరతు పెడతారు. మీ బిల్డర్ రెండూ పెట్టాడు. ఇందాక చెప్పిన 135 లీటర్లలో 45 ఫ్లష్‌కే పోతాయని లెక్క. మీవి 120 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు అనుకుంటే రోజుకు 21,600 లీటర్లు, రెండు పెద్ద ట్యాంకర్లు. ప్రతిరోజూ. ఎండాకాలంలో మీరు ట్యాంకర్లు తెప్పించుకున్నామని సెక్రటరీ గారు చెప్పారు, అందులో రెండు ట్యాంకర్ల మేర నీళ్లు మీ సెల్లార్‌లోనే తయారవ్వాల్సింది.

వాసన ఎందుకొస్తుంది? నేను చూసిన అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా ఒకే కారణం, కరెంటు బిల్లు తగ్గుతుందని రాత్రిపూట ఆ గాలి కొట్టే బ్లోయర్ ఆపేస్తారు. గాలి లేకపోతే ఆ ట్యాంకులో మనకు పనిచేసి పెట్టే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, కుళ్లబెట్టే రకం పెరుగుతుంది, వాసన అదే. పొద్దున మళ్లీ బ్లోయర్ వేసినంత మాత్రాన లేచి రావు, మళ్లీ పెంచుకోవాలంటే వారాలు పడుతుంది. అక్వేరియంకి పంపు ఆపేసి చేపలు ఉండాలంటే ఎట్లా? ఇదీ అంతే. ఇంకో కారణం ఆపరేటర్. ఆయనకి జీతం తక్కువ, ట్రైనింగ్ లేదు, పక్కన లిఫ్టు డ్యూటీ కూడా ఆయనకే, ఇక ఎస్టీపీ దగ్గర ఎవరుంటారు? ఫినాయిల్, యాసిడ్ బాత్రూముల్లో సీసాలకు సీసాలు పోయడం కూడా తగ్గించాలి, అవి కూడా ఆ ట్యాంకులోకే పోతాయి.

రోగాలు రావా అని ఆ అక్క అడుగుతోంది. ఫ్లష్‌కి, తోటకి రావక్కా, చివర్లో ఇసుక ఫిల్టర్, కార్బన్ ఫిల్టర్ దాటించి క్లోరిన్ వేస్తే. కాకపోతే ఆ పైపు తాగునీటి పైపుకి ఎక్కడా తగలకూడదు, రంగు వేరే ఉండాలి, ప్లంబర్ కొత్తోడు వచ్చినా చూడగానే తెలియాలి, స్ప్రింక్లర్లతో పైకి చిమ్మకుండా చెట్ల మొదట్లో వదలాలి. తాగడానికి కూడా శుద్ధి చేయొచ్చు, నమీబియాలో విండ్‌హోక్ ఊరు 1968 నుంచి చేస్తోంది, సింగపూర్ 2003 నుంచి న్యూవాటర్ అని చేస్తోంది. మనకు ఇప్పుడు ఆ చర్చ అక్కర్లేదు, ముందు ఫ్లష్ లైన్‌లో మన నీళ్లు మనం వాడుకుందాం.

మీ ఎస్టీపీ బతికి ఉందో లేదో తెలుసుకోవడానికి ల్యాబ్ కూడా అక్కర్లేదు. గాలి కొడుతున్న ట్యాంకులోంచి లీటరు గాజు సిలిండర్‌లో నీళ్లు పట్టి కదలకుండా అరగంట పెట్టాలి. మంచిగా ఉంటే చాక్లెట్ రంగు ముద్ద నెమ్మదిగా దిగి, పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఆగుతుంది, పైన తేటగా ఉంటుంది, వాసన చూస్తే తడి మట్టి వాసనే. నల్లగా ఉండి కోడిగుడ్డు కుళ్లిన వాసన వచ్చినా, ముద్ద దిగకుండా పైపైనే తేలినా జబ్బు చేసినట్టు. సిలిండర్ నేను తెచ్చాను, బ్యాగ్‌లో ఉంది. మీ ఆపరేటర్ తమ్ముడిని సెల్లార్‌లో ఉండమని చెప్పాను, టీ తాగినవాళ్లు ఎవరెవరు వస్తారో రండి, పిల్లల్ని కూడా తీసుకురండి, ఇప్పుడే పడితే అరగంటలో చూసేయొచ్చు.